శబ్దం లేని వీడియో

"మళ్ళీ పెట్టు" అంది అత్తగారు.

ఆవిడ కొడుకు, చిట్టి భర్త, ఫోన్లో వీడియోను మళ్ళీ మొదటికి జరిపాడు. చిట్టి అప్పుడే బట్టల కొట్టు నుంచి వచ్చింది. ఒంటి మీది యూనిఫాం కోటు కూడా ఇంకా విప్పలేదు. గుండీ ఊడిన చోట పిన్నీసు పెట్టుకుందని మేనేజరు ఇవాళ పదిమందిలో చీవాట్లు పెట్టాడు. ఆ ఉక్రోషం తీరకుండానే, ఇంట్లో అడుగు పెట్టగానే ఇది.

హాల్లో మూలన బిగించిన ఆ కెమెరాలో బొమ్మ కనపడుతుంది, మాట వినపడదు. తెర మీద చిట్టి పెద్దమ్మ, చిట్టి పాపను ముంజేతి మీద బోర్లా వేసుకుంది. పసిదాని తల కిందకి వేలాడుతోంది. అరచేత్తో వీపు మీద చరిచింది. ఒక దెబ్బతో ఆగలేదు. తర్వాత నేల మీద పడుకోబెట్టి మీదికి వంగింది. ఆవిడ వీపు అడ్డొచ్చి ఇంకేమీ కనపడలేదు. మోచేయి మాత్రం పైకీ కిందకీ ఆడుతోంది.

"చూశావుగా మీ పెద్దమ్మ మురిపెం. నేను అమ్మాయింటికి వెళ్ళొచ్చేలోగా ఇదీ భాగోతం" అంది అత్తగారు.

చిట్టి నిద్రపోతున్న పాప చొక్కా ఎత్తి చూసింది. వీపు ఎర్రగా కందిపోయి ఉంది. రొమ్ము మధ్యలో వేళ్ళ గుర్తులు.

పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి పోయిన చిట్టిని చంకనేసుకుని పెంచింది ఆవిడే. చిట్టి ఉద్యోగం మానకూడదని మూటాముల్లె సర్దుకుని పాపను చూసుకోవడానికి వచ్చిందీ ఆవిడే. ఆ కొట్టంటే చిట్టికి ప్రాణం. అక్కడ ఆమె ఎవరికీ కోడలు కాదు. భర్తకు మాత్రం ఆ ఉద్యోగం మొదటినుంచీ కంట్లో నలుసే. ఆ మధ్య ఆమె వేడి ఇస్త్రీపెట్టెను నేల మీద వదిలేసి వెళ్ళినప్పుడు ఒకటే మాటన్నాడు. ఇంకోసారి నీ అజాగ్రత్త వల్ల పాపకు ఏమన్నా అయితే, ఆ రోజుతో నీ ఉద్యోగం సరి. అప్పుడు పెద్దమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుని ఉంది.

"దానికి ఊపిరాడలేదే తల్లీ" అంది పెద్దమ్మ మెల్లగా. "మొహం నీలంగా అయిపోయింది. టీకా రోజున నర్సమ్మ బొమ్మ మీద చూపించిందని చెప్పలేదూ? అలాగే చేశాను."

చిట్టికి గుర్తుంది. ఆ రోజు పెద్దమ్మ ఇంటికొచ్చి దిండుకు ఊపిరి ఊదుతుంటే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చిట్టికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఏం అడ్డం పడింది పెద్దమ్మా?"

పెద్దమ్మ చెప్పబోయింది. చిట్టిని చూసింది, ఆమె పక్కనున్న అల్లుణ్ణి చూసింది. మళ్ళీ నోరు మూసుకుంది.

"చెప్పండి వదినగారూ, గాలి గానీ అడ్డం పడిందా?" అంది అత్తగారు.

"ఏమో. కనపడలేదు."

చిట్టి మళ్ళీ అడిగింది. బతిమాలింది. చివరికి పాప మీద ఒట్టేసి చెప్పమంది. పెద్దమ్మ కొంగు ముడి తడుముకుంటూ నేల చూపులు చూసిందే తప్ప పెదవి విప్పలేదు. అబద్ధమాడేవాళ్ళే అలా నిలబడతారని చిట్టికి చిన్నప్పుడు చెప్పింది కూడా ఆవిడే.

"నన్ను పెంచిన చేతులని నమ్మి నా బిడ్డను ఇచ్చాను" అంది చిట్టి. "వెళ్ళిపో పెద్దమ్మా."

భర్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఇందులో నీ తప్పేముంది? రేపటినుంచి పాపను అమ్మ చూసుకుంటుంది. నువ్వు ఎప్పట్లాగే కొట్టుకి వెళ్ళు." ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. అత్తగారు మూతి తిప్పుకుంది గానీ కాదనలేదు.

సంచీ సర్దుకోవడానికి పెద్దమ్మకు ఎంతోసేపు పట్టలేదు. పాప దగ్గరికి వెళ్ళబోతే అత్తగారు అడ్డంగా నిలబడింది. పెద్దమ్మ గుమ్మం దాకా వెళ్ళి, చిట్టి వైపు తిరిగింది.

"కోటుకు పిన్నీసు పెట్టుకోకే. పాపనెత్తుకుంటే గుచ్చుకుంటుంది."

కొంగు ముడి విప్పి, చిట్టి అరచేతిలో ఏదో పెట్టి, తనే ఆ వేళ్ళు మూసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చిట్టి గుప్పిట కొంచెం తెరిచి చూసింది. వెంటనే బిగించింది. పెద్దమ్మ ఇంకా వీధి మలుపు తిరగలేదు, పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది.

"ఏమిచ్చింది?" అన్నాడు భర్త వెనకనుంచి.

"ఇంటి తాళం" అంది చిట్టి.

ఆ గుప్పిట్లో ఉన్నది ఆమె కోటు గుండీ.