అయిపోగానే మోగే గంట

దొంగతనం స్టాఫ్ రూములో, అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ జరిగింది. దొంగ పేరు సిలబస్ సార్. పిల్లలు పెట్టిన పేరే. ఇంజనీరింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ‘సొంత వ్యాపారం మొదలుపెట్టడం ఎలా’ అన్న పాఠం చెబుతున్నాడు. ఇంట్లో పాత పేపర్లు అమ్మాలన్నా భార్య రావాల్సిందే.

అతన్ని దొంగను చేసింది నోటీసు బోర్డు. కొత్త స్టార్టప్ సెంటర్‌కి డైరెక్టర్ కావాలట. సొంత ఐడియా ఉన్న లెక్చరర్లు శుక్రవారం ప్రిన్సిపాల్‌కి వినిపించాలట. ‘సొంత’ అన్న మాట దగ్గరే సార్ గుండె జారింది.

అప్పుడే ఫైనలియర్ అమ్మాయి ఒకతె దిద్దమని ప్రాజెక్టు ఫైలు తెచ్చిచ్చింది.

“ఎవరికీ చూపించకండి సార్. పోయినేడు మా సీనియర్ల ఐడియాలకి కాళ్ళొచ్చాయి.”

“నా దగ్గరుంటే లాకర్లో ఉన్నట్టేనమ్మా.”

లాకరు ఒంటిగంటకల్లా తెరుచుకుంది. లోపల ఉన్నది వంటగ్యాస్ అయిపోగానే మోగే గంట. పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఫైలు మీద ‘పనికిరాదు, వేరేది ఆలోచించు’ అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాడు.

ఇంటికెళ్ళి భార్యకు వినిపించాడు. ఆవిడ స్టవ్ దగ్గరనుంచి కదల్లేదు.

“గ్యాస్ అయిపోతే మంటే ఆరిపోతుంది కదండీ. మళ్ళీ గంటెందుకు?”

“నీకు మార్కెట్ తెలీదు.”

“నిజమే. నాకు వంటొక్కటే తెలుసు.”

శుక్రవారం సార్ గొంతు సవరించుకుని అరగంట దంచాడు.

“ఎప్పుడు తట్టిందండీ ఇది?” అన్నాడు ప్రిన్సిపాల్.

“మా ఆవిడ అవస్థ చూళ్ళేక, ఎప్పుడో పెళ్ళైన కొత్తలో.”

“ఎవరైనా సాయం చేశారా?”

“అబ్బే. బుర్ర మొత్తం నాదే.”

ప్రిన్సిపాల్ ఆ ముక్క రాసుకుని, పక్కగది వైపు తిరిగి “రామ్మా” అన్నాడు. ఆ అమ్మాయే. వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. అయినా డైరెక్టర్ కుర్చీ కళ్ళముందు కదులుతుంటే నోరు ఊరుకుంటుందా?

“క్లాసులో నోరు జారాను సార్. అది విని రాసేసుకుని ఉంటుంది. చిన్నపిల్ల, క్షమించేద్దాం.”

ఆ అమ్మాయి తన కాగితంలో ఐదో గడిలో టిక్కు పెట్టింది.

“పొద్దుట్నుంచి నలుగురు సార్లు కూడా నన్నిలాగే క్షమించారండీ. గంట ఉత్త ఎర, నా ప్రాజెక్టు ఐడియా దొంగల్ని పట్టుకోవడం. ఆ డైరెక్టర్ పోస్టు నోటీసు రాసింది కూడా నేనే.”