చేపల మెట్టెలు

"ఏమయ్యా, నా చేపల మెట్టెలు ఏడ బొయినయి?"

అంజన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఆ ఒక్క క్షణం చాలు సుగుణకు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన అబద్ధం ఆడే ముందు ఎప్పుడూ అలాగే ఆగుతాడు.

"నాకేం తెల్సు? నువ్వే ఏడనో పెట్టి మర్సిపోయినవ్."

"దేవుని గూట్ల డబ్బాల పెట్టిన. డబ్బా ఉంది, మెట్టెలు లెవ్వు. అయిజ ఊర్ల మా అమ్మ నా పెండ్లికి చేయించినవి. అరిగినయని తీసి దాచుకున్నగానీ, పోగొట్టుకునేతందుకు కాదు."

"దొరుకుతయి తియ్యే" అని అంజన్న గబగబా చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం కంచంలోనే ఉంది.

"పంచె అంచుకు గా ఎర్రగ ఏంది?"

"నూలు రంగయ్యుంటది."

"మగ్గం మీదున్నది ఆకుపచ్చ చీర."

అంజన్న తువ్వాలు భుజాన వేసుకుని షూటింగుకని వెళ్ళిపోయాడు.

గద్వాల కోట వెనుక సందులో పాత ఇల్లొకటి అద్దెకు తీసుకుని హైదరాబాదు పిల్లలు నలుగురైదుగురు సినిమా తీస్తున్నారు. పేరున్న నటులు లేరు, పెద్ద బండ్లు లేవు. సినిమాలోకి మగ్గం కావాలంటే అంజన్న వెళ్ళి బిగించాడు. బిగించి పదిరోజులైంది, వెళ్ళడం మాత్రం ఆగలేదు. కథ కూడా ఆయనే చెప్పాడు. ఒక ఆటగత్తె ముందరింట్లో ఆడుతుంటే, ఆ గజ్జెల చప్పుడు చాటున ఆమె మనుషులు వెనకింట్లో తాళాలు పగలగొడతారట. ఇంటాయన ఆమె కాళ్ళ మీది నుంచి చూపు తిప్పడు, ఇల్లు గుల్లవుతుంది.

ఆ కథ సుగుణకు ఇప్పుడు బాగా అర్థమైంది.

రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. బ్లేడు రెండు రోజులకే మొద్దుబారుతోంది, గడ్డం మాత్రం మాసినట్టే ఉంది. ఎండలు మండిపోతుంటే మధ్యాహ్నం కునుకులో కాళ్ళ మీద దుప్పటి. అన్నిటికంటే ఆ మగ్గం చప్పుడు! గుంటలో కూర్చుని చెక్కలు తొక్కే ఆయన కాళ్ళ వరస ఆమెకు నిద్రలో కూడా తెలుసు. టక్కు, టక్కు అని నడిచే మగ్గం వారం నుంచి టకటక్కు, టకటక్కు అని పరుగెత్తి, చటుక్కున ఆగి, మళ్ళీ అందుకుంటోంది. అలా తొక్కినా గుడ్డలో ఒక్క పోగు తప్పడం లేదు. అదే ఆమెకు ఇంకా మంట.

పైగా పక్కింటి రేణుక నిన్ననే చెవిన వేసి పోయింది. "అక్కా, మీ ఆయన ఆ సినిమా పోరితోని ఒకటే నవ్వుకుంట మాట్లాడుతుండు. ఆటగత్తె వేషం దానిదేనంట, పేరు వర్ష."

సుగుణ రాట్నం పక్కకు నెట్టి లేచింది.

పాత ఇంటి అరుగు మీద కానిస్టేబులు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. దేవుడే పంపాడనుకుంది.

"సారూ, నా మెట్టెలు పోయినయి."

అతను గ్లాసు పక్కన పెట్టి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "అనుమానం ఎవరి మీదమ్మా?"

"నా మొగని మీద. తీసిండు సరే, ఎవరికి ఇచ్చిండో గది అడుగుండ్రి. లోపల ఎగురుతుంది చూడు, దానికే ఇచ్చిండు."

అతను శ్రద్ధగా రాసుకుంటుండగానే లోపలి నుంచి కేక వినిపించింది. "పోలీసు వేషం ఎక్కడయ్యా? నెక్స్ట్ షాట్ నీదే!"

"ఒక్క నిమిషమమ్మా" అని టోపీ సర్దుకుంటూ అతను లోపలికి ఉరికాడు.

సుగుణకు ఒళ్ళు మండిపోయింది. దొంగలూ వీళ్ళే, పోలీసులూ వీళ్ళే! అతని వెనకే తానూ లోపలికి దూరింది.

హాలంతా చీకటి. అడ్డంగా నల్ల తెర. ఇవతల డైరెక్టరు మధుసూదన్ చెవులకు ఏవో తగిలించుకుని చిన్న టీవీలోకి చూస్తున్నాడు. సుగుణ అతని భుజం మీది నుంచి తొంగి చూసింది.

టీవీ నిండా రెండే రెండు కాళ్ళు. ఎర్రటి పారాణి, గజ్జెలు, పైన చీర కుచ్చిళ్ళు. టకటక్కు, టకటక్కు... చటుక్కున ఆగి, మళ్ళీ అందుకున్నాయి. తన మగ్గంలో వారంగా మోగుతున్న వరసే! అంత మంటలోనూ ఆ కాళ్ళు ఎంత బాగున్నాయో అనుకోకుండా ఉండలేకపోయింది. ఇవి చూశాక మొగుడు చెడిపోక ఏం చేస్తాడు?

అప్పుడు కనిపించాయి కాలివేళ్ళకు. అరిగిన వెండి చేపలు. ఎడమకాలి చేపకు తోక కొస విరిగి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు రాయి పడి విరిగిన తోక.

అమ్మ చేయించిన మెట్టెలు ఆటగత్తె కాళ్ళకు! సుగుణ కొంగు దోపుకుని తెర వైపు నడిచింది.

"ఆంటీ, ఆగండి! షాట్ నడుస్తోంది" అని కుర్చీలోంచి ఒక పిల్ల చెయ్యి పట్టుకుంది. ముఖానికి నిండుగా మేకప్పు, ఒంటి మీద పట్టుచీర.

"వదులు! గా వర్ష సంగతేందో ఇయ్యాల తేలాలె."

"వర్షను నేనే ఆంటీ."

సుగుణ ఆ పిల్లను కిందికీ పైకీ చూసింది. స్టూలు మీద చాపిన కుడికాలికి మడమ నుంచి పిక్క దాకా తెల్లటి కట్టు.

"నువ్వు ఈడుంటే, ఆడ ఆడేది ఎవరు?"

వర్ష నవ్వు ఆపుకుంటూ తల వంచుకుంది. సుగుణ చెయ్యి విదిలించుకుని నల్ల తెరను ఒక్క లాగు లాగింది.

పైన బనీను, కింద పట్టు కుచ్చిళ్ళు, నున్నగా గీసిన పిక్కలు. అమ్మ చేయించిన మెట్టెలు అంజన్న కాలివేళ్ళకే ఉన్నాయి.