పగిలింది తెరే

తెర పగలగొట్టినా భార్య పని ఆగలేదని తెలిసేసరికి మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది.

ఇళ్ళకు తలుపులు బిగించే మనిషి. ఆరోజు పని తొందరగా తెమిలి మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. లోపలి గదిలోంచి ఆమె ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపించింది. భుజాన పనిముట్ల సంచీ దించకుండానే తలుపు కాలితో తన్నాడు.

మొన్న అతను నేలకేసి కొట్టిన మానిటర్ గోడవారగా బోర్లా పడి ఉంది. దాని చోట బల్లమీద ఓ పాత ల్యాప్‌టాప్ వెలుగుతోంది. అందులో ఏదో ఇంటి ప్లాను గీతలు.

"ఇదెక్కడిది?"

ఆమె గబుక్కున లేచి నిలబడింది. తమ్ముణ్ణి అడిగి తెచ్చుకున్నానని, పనంతా బల్లకింది డెస్క్‌టాప్‌లోనే జరుగుతుందని, నెట్‌వర్క్ తీగతో దానికి కలిపి ల్యాప్‌టాప్‌ని ఊరికే తెరలా వాడుకుంటున్నానని చెప్పబోయింది. కంప్యూటర్ల సంగతి అతనికి ఒక్క ముక్క ఎక్కదు. ఎక్కింది ఒక్కటే. వద్దన్న పని చేసింది.

"ఎవరితో ఆ ఇకఇకలు?"

"చెప్పేది వినండి, ఇందులో..."

చెంప ఛెళ్ళుమంది. రెండో దెబ్బకు బల్ల అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా చెయ్యి చాచి ఏదో చూపించబోయింది. ఆ చేతిని వెనక్కి మెలిపెట్టి ఆమెను పక్కకు నెట్టేసి, సంచిలోంచి సుత్తి తీశాడు.

మొదటి దెబ్బకే ల్యాప్‌టాప్ నల్లబడింది. అక్కడితో ఆగలేదు. మేకులు దిగ్గొట్టే చెయ్యి, ఒడుపు తెలిసిన చెయ్యి. కీబోర్డు మీటలు ఊడి గదంతా చిందాయి. కసితీరా కొట్టి, రొప్పుతూ, ఆమెను జుట్టు పట్టి నేలమీద కూలేశాడు. సుత్తి ఆమె వేళ్ళమీద ఆనించాడు.

"ఈసారి గీతలు గీసే ఈ వేళ్ళు విరగ్గొడతా. నీ తమ్ముణ్ణి పిలిచి అతికించుకుందువుగాని."

ఆమె ఏడవలేదు. ఇక దాచనని, అందరికీ చెబుతానని అంది.

అతనికి నవ్వొచ్చింది. "చెప్పు. నేను నీ చెయ్యి విరిచినప్పుడు నువ్వు చెప్పలేదూ? మెట్లమీంచి పడిందన్నాను, డాక్టరు నమ్మాడు. మీ నాన్నా నమ్మాడు. మా అక్క ఇంటికెళ్ళి మరీ అక్కడున్న మా అమ్మ కాళ్ళమీద పడ్డావు, ఏమంది? నా కొడుకు చీమకైనా హాని చెయ్యడంది. నీ మాట నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒక్కరున్నారా?"

ఆమె నెత్తుటి మొహం తిప్పి కిటికీ వైపు చూసింది. అతనూ చూశాడు. కిటికీ గట్టుమీద బొటనవేలంత కెమెరా, దానికో చిన్న దీపం ఇంకా వెలుగుతోంది. బల్లకింద డెస్క్‌టాప్ సన్నగా హోరుపెడుతూనే ఉంది. పక్కనున్న స్పీకర్లలోంచి ముందు ఎవరో వెక్కిన చప్పుడు వచ్చింది.

"నేనున్నానురా. ఆ సుత్తి కింద పెట్టు," అంది అతని తల్లి.