సూపులో సున్నం

"లే, పోదాం," అన్నాడు ఇంజనీరు, చెంచా బల్ల మీద పెట్టేస్తూ.

భార్య మెనూ కార్డులోంచి తలెత్తింది. "ఎక్కడికి? ఇప్పుడేగా కూర్చున్నాం. ఇంకా సూపే వచ్చింది."

"కడుపులో తిప్పుతోంది."

"ఈ మాల్‌లో బాత్రూములు మన హాలుకన్నా బాగుంటాయట. వెళ్ళి రండి."

ఇంజనీరు కదల్లేదు. ఉల్లిపాయ సూపులో తేలుతున్న తెల్లటి పలుకునే చూస్తున్నాడు. భార్య దాన్ని చీజ్ తురుమనుకుని మెచ్చుకుంది కూడా. అతను వేలితో తీసి నలిపాడు. సున్నం. తలెత్తి చూస్తే, బల్ల పక్కనున్న స్తంభం పైకప్పును కలిసే చోట వెంట్రుకవాసి చీలిక. అది ఏటవాలుగా దిగి, గోడకు తగిలించిన ఫ్రెంచి వీధి పటం వెనక్కి దూరింది. నిలువు చీలికైతే పైపూత పగిలిందని సరిపెట్టుకోవచ్చు. ఏటవాలు చీలికంటే స్తంభం బరువు మొయ్యలేకపోతోందని పాతికేళ్ళ ఉద్యోగం అతనికి నేర్పింది.

తెల్ల చేతితొడుగులు వేసుకున్న వెయిటరు వచ్చి వంగాడు. "సూపు నచ్చలేదా సార్?"

"ఆ తలుపు సగంలో ఆగిపోయిందేం?"

"నిన్నట్నుంచీ పడట్లేదు సార్. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి వెళ్ళాడు. పొద్దున్నే మళ్ళీ బిగుసుకుంది."

"పైన ఏముంది, ఇంత చప్పుడుగా ఉంది?"

"కొత్త హాలు సార్. నాలుగో అంతస్తు ఈమధ్యే లేపారుగా. ఆదివారం కదా, ఏదో ఫంక్షను. అందుకే ఈ చప్పుడు."

ఈ స్తంభాలు మూడంతస్తులకు వేసినవి. నాలుగోది వేసుకోవచ్చని సంతకం పెట్టింది ఇంజనీరే. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా, ఆఫీసు కుర్చీలో కూర్చుని, టీ చల్లారేలోగా పెట్టేశాడు.

"ఏమన్నా ఇబ్బందా సార్?" అని వెయిటరు మళ్ళీ అడిగాడు.

నిజం చెబితే ఐదు నిమిషాల్లో మాల్ మొత్తం ఖాళీ అవుతుంది. ఆరో నిమిషంలో ఆ సంతకం ఎవరిదని అడుగుతారు. ఉద్యోగం ఊడుతుంది, జైలు తప్పదు.

"ఏం లేదు. అంతా సవ్యంగానే ఉంది," అన్నాడు. ఆ కాగితం మీద రాసిందీ ఇదే ముక్క.

ముందు భార్యను బయటపడెయ్యాలి. తర్వాత రోడ్డు మీదికెళ్ళి, పేరు చెప్పకుండా ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యాలి. అలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"నేను సూఫ్లే చెప్పాను," అంది భార్య. "గుడ్డు నురగతో పొంగించే తీపట. ఇరవై నిమిషాలు పడుతుందట. అది తినందే నేను లేవను."

"దార్లో ఐస్‌క్రీం కొనిపెడతాలే."

"నేనేమన్నా చంటిపిల్లనా? మూడేళ్ళుగా తీసుకెళ్తా, తీసుకెళ్తా అని ఊరించి ఇవాళ తెచ్చారు. ఇంకో ఇరవై నిమిషాలు కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?"

ఆమె ఫోన్ గుర్రుమంది. బల్ల కింద పెట్టుకుని చూసి, తనలో తనే నవ్వుకుంది. చెల్లెలితో కబుర్లు, వేళాపాళా ఉండదు అనుకున్నాడు ఇంజనీరు.

పైన కుర్చీలు ఈడుస్తున్నారు. పిల్లలు పరిగెడుతున్నారు. ఒక్కో అడుగుకీ గ్లాసులో నీళ్ళు వణికి సర్దుకుంటున్నాయి. అతను ఆ నీళ్ళనే చూస్తూ, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి పైన చప్పుడంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో స్తంభం, ఎవరో మెటిక విరిచినట్టు, టక్కుమంది.

ఇంజనీరు భార్య చెయ్యి పట్టుకుని లాగాడు. కుర్చీ వెనక్కి పడింది. తింటున్నవాళ్ళంతా చేతులాపి చూశారు.

"అందరిలో పరువు తీస్తున్నారు," అంది ఆమె పళ్ళ బిగువున.

చేతికందిన నోట్లు బల్ల మీద పడేశాడు. పక్క బల్ల దగ్గర ఓ తాత, మనవరాలి నోట్లో రొట్టెముక్క పెడుతున్నాడు. ఇంజనీరు చూపు తిప్పుకున్నాడు.

"సూఫ్లే ఇంకో ఐదు నిమిషాలే సార్," అంటూ వెయిటరు గుమ్మం దాకా వెంటపడ్డాడు.

లిఫ్టు ఎక్కనివ్వలేదు. మెట్ల మీదుగా మూడంతస్తులూ దింపి, రోడ్డు దాటించి, కార్లో కూర్చోబెట్టాడు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అతను ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోయి ఆగాడు. గొంతు గుర్తుపడితే? ఇంటికెళ్ళి చూద్దాంలే అని జేబులో పెట్టేసుకున్నాడు. సైడు అద్దంలో మాల్ కనిపిస్తోంది. మూడో అంతస్తు గాజుపలక ఒకటి పైనుంచి కింది దాకా మెల్లగా చీలింది. తామిద్దరూ బయటపడ్డందుకు అతనికి సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాడు.

"ఊరుకో. ఇంటికి పోదాం. అమ్మా పిల్లలూ ఎదురుచూస్తుంటారు."

భార్య కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"ఇంట్లో ఎవరున్నారని? రేపు మీకు యాభై నిండుతాయని పార్టీ పెట్టి, నెల్రోజులుగా మీ దగ్గర దాచుకొచ్చాను. సూఫ్లే వంకతో కాసేపు ఆపి మిమ్మల్ని తీసుకెళ్దామనుకుంటే అంతా పాడుచేశారు. అత్తయ్య, పిల్లలు, మీ ఆఫీసువాళ్ళు, అందరూ తెరలు దించుకుని, చప్పుడు చెయ్యకుండా మీకోసమే కూర్చునున్నారండీ, ఆ పైన హాల్లో."