ఉత్తుత్తి రోగి

"ఇంట్లో ఎవరెవరుంటారవ్వా?"

"కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. ఇల్లంతా గోలే బిడ్డా," అంది మంచం మీది ఆంజినమ్మ నవ్వుతూ.

నాజ్‌నీన్ రాసుకుంది. అనంతపురంలోని ఆ నర్సింగ్ కాలేజీలో రోగితో మాట్లాడే పరీక్షకు రావడం ఆమెకు ఇది మూడోసారి. ఈసారీ తప్పితే తోటివాళ్ళంతా ఆస్పత్రి వార్డులకు పోతారు, తనొక్కతే ఈ గదిలో మిగిలిపోతుంది. అసలే హాస్టల్లో పలకరించే దిక్కు లేదు.

ఆంజినమ్మ ఉత్తుత్తి రోగి. శింగనమలలో చెనక్కాయలు పెరికే కూలికి పోయే మనిషి. కాలేజీవాళ్ళు పిలిచినప్పుడల్లా బస్సెక్కి వచ్చి, కాలికి కట్టు కట్టించుకుని పడుకుంటుంది. రోగికి ఏ జబ్బు, ఏం చెప్పాలి, ఏం దాచాలి అన్నీ ఒక కాగితంలో ఉంటాయి. సువర్ణ మేడం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, ఆంజినమ్మ పొల్లుపోకుండా చెబుతుంది. ఆమె దాచింది బయటికి లాగినవాళ్ళే పాసు.

సువర్ణ తప్పేమిటో చెప్పే రకం కాదు. "గట్టున కూర్చుంటే ఈత రాదు. చెయ్యి, ఎందుకు తప్పినావో ఆలోచించు, మళ్ళీ చెయ్యి," అంటుంది. ఆ మాట విని విని పిల్లల చెవులు చిల్లులు పడ్డాయి. నాజ్‌నీన్ మాత్రం రెండు రోజులు నిజంగానే ఆలోచించింది. పోయిన రెండుసార్లూ తను అవ్వ ముఖం చూడనే లేదు, ప్రశ్నల కాగితాన్నే చూసింది.

ఇప్పుడా ప్రశ్నల కాగితం పక్కన పడేసి, మంచం అంచున కూర్చుంది.

"నీకు షుగరుండాది కదవ్వా, రాత్రి ఏం తింటివి?"

"ఏముంటాది బిడ్డా, సంగటి, నంచుకునేకి ఊరిబిండి."

"ఎన్ని ముద్దలు చేస్తివి?"

"ఒగటి. రాత్రి సగం తింటి. మిగిలింది పొద్దున మజ్జిగలో పిసుక్కోని తాగితి."

"మరి కొడుకు, కోడలు, పిల్లోళ్ళు ఏం తినిరి?"

ఆంజినమ్మ కాలి కట్టు సర్దుకోబోయింది. గది గోడకున్న అద్దం అవతల నుంచి పరీక్ష చూస్తున్న తోటి పిల్లలు ముందుకు వంగారు.

నాజ్‌నీన్ ఆమె చేయి పట్టుకుంది. "ఇంట్లో ఎవరూ ల్యారు కదవ్వా?"

"ల్యారు బిడ్డా. మాట్లాడేకి కూడా మనిషి ల్యాడు. పొద్దు గుంకితే తలుపేసుకోని, గోడ తట్టు చూస్తా కుచ్చుంటా."

ఆంజినమ్మ కళ్ళలో నీళ్ళు జలజలా రాలాయి. నాజ్‌నీన్‌కూ ఏడుపు ఆగలేదు. హాస్టల్ గోడ ఆమెకూ బాగా తెలుసు.

పిల్లలు చప్పట్లు కొడుతూ లోపలికి వచ్చారు. "ఏం యాక్షనవ్వా! మమ్మల్ని గూడా ఏడిపిస్తివి," అన్నాడు వాళ్ళలో ఒకడైన ఉదయ్ కుమార్.

ఆంజినమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మళ్ళీ ఎప్పుడు రావల్ల మేడం?" అని మాత్రం అడిగింది.

"రేపే రామ్మా," అంది వాళ్ళ వెనకే వచ్చిన సువర్ణ.

"నేను పాసేనా మేడం?"

"పాసే నాజ్‌నీన్."

సువర్ణ తన చేతిలోని రోగి కాగితాన్ని ఎవరికీ కనబడకుండా నాలుగు మడతలు పెట్టింది.

రోగి ఒంటరిదని అందులో ఎక్కడా లేదు.