మణెమ్మ పేరున్న వరుస

మిర్యాలగూడలోని ఓ దవాఖాన డేటాబేస్‌లో ఏ టేబుల్లో ఏముందో వివరం రాసే పని ప్రవళికది. ఆ రాత్రి కింది గదిలో ఒక్కతే కూర్చుని మరణాల టేబుల్ తెరిచింది. చివరి వరుసలో, పై వార్డులో ఉన్న వేములపల్లి మణెమ్మ పేరుంది. మరణించిన సమయం మూడూ పది. గడియారంలో ఇంకా మూడే అయింది.

ఆ వరుసను తుడిచేసింది. కళ్లముందే మళ్లీ వచ్చింది.

గదికి తాళమేసి పైకి పరుగెత్తింది. మణెమ్మ మెలకువగానే ఉంది.

"ఏంది బిడ్డా, గట్ల రొప్పుతున్నవ్?"

"ఏం లేదవ్వా, జరసేపు నీ దగ్గర కూసుంట," అంటూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మూడూ పది దాటింది. మణెమ్మ నీళ్లడిగి తాగింది. అప్పుడే కింద, తాళమేసిన గదిలో కీబోర్డు చప్పుడు మొదలైంది.

ప్రవళిక ఆ చెయ్యి వదలలేదు. మెట్ల వైపు తిరిగి, "ఎన్నిసార్లన్నా రాసుకో. నేను తుడుస్తనే ఉంట," అంది.

చప్పుడు ఆగింది. తాళం తెరుచుకుంది.