రెండో మోకాలు

"ఫిక్స్ తీసెయ్యి బిడ్డా. మొత్తం తీసి గీ నంబర్‌కు పంపు."

రుక్కమ్మ తన ఫోనును బ్యాంకు కౌంటర్ అద్దం కిందుగా లోపలికి జరిపింది. తెర మీద కనిపించిన యాప్ బొమ్మ చూడగానే శ్రీలత ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ అదే. రోజురోజుకూ డబ్బు పెరుగుతున్నట్టు చూపించే పెట్టుబడి యాప్. శంషాబాద్‌లో అందరి నోటా ఇప్పుడు దాని మాటే.

"ఎందుకమ్మా డిపాజిట్ తీసుడు? ఇంకా టైం కాలేదు. ఇప్పుడు తీస్తే వడ్డీ తగ్గుతది."

"తగ్గితే తగ్గనియ్యి. గండ్ల పెడితే మస్తు పెరుగుతయట."

శ్రీలతకు వాదించే ఓపిక లేదు. పొద్దుటి నుంచి పింఛన్ల వరస. ఏసీ పనిచేయడం లేదు. విమానం వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. పంపమంటే పంపేస్తే పోతుంది. డబ్బు ఆమెది, ఇష్టం ఆమెది. కానీ నిన్న ఇదే కౌంటర్ ముందు నిలబడి కొండల్ ఏడ్చాడు. గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. అతను ఈ యాప్‌కే డబ్బు పంపిన రోజు శ్రీలత వద్దనే చెప్పింది. "మీ బ్యాంకు వడ్డీ చాయ్‌లకు సుత సాలదు మేడం" అని నవ్వి వెళ్ళాడు. ఇప్పుడా యాప్ వేసిన డబ్బు తీసుకుంటోంది తప్ప, తిరిగి ఒక్క రూపాయి ఇవ్వడం లేదు.

శ్రీలత లేచి, పక్క సీటులోని ప్రేమలతను కాసేపు చూసుకోమని చెప్పి బయటికి వచ్చింది. రుక్కమ్మను గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కనే కూలబడింది.

"ఈ పైసలు ఎక్కడివమ్మా?"

"ఎయిర్‌పోర్టుల ఊడ్చిన పైసలు. పని ఇడిసినంక పీఎఫ్ వచ్చింది గదా, గవ్వే." రుక్కమ్మ రెండు చేతులతో మోకాళ్ళు రాసుకుంది. "గా నున్నటి బండల మీద తిరిగి తిరిగి రెండూ అరిగినయి. ఆపరేషన్ చెయ్యాలన్నరు దవాఖానల. ఉన్నయి ఒక్క మోకాలికే సరిపోతయట. రెండో మోకాలి కోసమే గిండ్ల పెడ్తున్న."

శ్రీలత తన చేతిలోనే ఉండిపోయిన ఫోనును ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఫిక్స్ అయిపోయి ఇంట్లకొస్తె పైసలు నిలువయి బిడ్డా" అంది రుక్కమ్మ మళ్ళీ. "మనుమరాలు ఫోన్ల ఏలు పెట్టుడే ఆలస్యం, తెల్లారి డబ్బ ఇంటికొస్తది. చెప్పులట, మొఖానికి క్రీములట, గోడకు అతికిచ్చే పూలట. సగం డబ్బలు ఇప్పనే ఇప్పలే. గట్ల పోయేదానికంటె పెరిగే దాంట్ల పెడితె మంచిది గదా."

"పార్సిల్ల చెప్పులన్న ఉంటయమ్మా. గిండ్ల పెడితె ఉత్త డబ్బ గూడ రాదు."

రుక్కమ్మ ఆమెను వింతగా చూసింది. "నువ్వే గట్లంటవేంది?"

బ్యాంకులో కూర్చున్నవాళ్ళు డబ్బు బయటికి పోనివ్వరని అందరూ అనుకునేదే. ఆ మాట శ్రీలతకు కొత్త కాదు. ఆమె ఓపిక చేసుకుని కొండల్ సంగతంతా చెప్పింది. పిల్ల పెళ్ళికి దాచినదంతా ఎలా వేశాడో, ఫోన్లో లెక్క ఇంకా పెరుగుతూనే కనిపిస్తున్నా అది చేతికి ఎందుకు రావడం లేదో, పోలీసుల దగ్గరికి వెళ్ళమని మేనేజర్ అతనికి ఎలా నచ్చజెప్పాడో, ఏదీ వదలకుండా చెప్పింది.

"కొండల్ అంటే, పొట్టిగ ఉంటడు, గాయననేనా?"

"ఆయనే."

"పాపం. మా గల్లీలనే ఉంటడు. నిన్నటి సంది తలుపు తీస్తలేడు. పాణం బాగలేదేమో అనుకున్నం."

రుక్కమ్మ ఫోనును ఒళ్ళో బోర్లించి మళ్ళీ మోకాళ్ళు రాసుకుంది. వరసలో ఎవరో విసుక్కుంటున్నారు. ప్రేమలత రెండుసార్లు ఇటు తిరిగి చూసింది. శ్రీలత కదలలేదు.

"ఇగ వద్దులే బిడ్డా" అంది రుక్కమ్మ చివరికి. "గా ఫిక్స్ గట్లనే ఉండనియ్యి. ఒక్క మోకాలన్న చేపిచ్చుకుంట. రెండోది కర్ర పట్టుకుంట ఎల్లదీస్త."

శ్రీలత ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళుగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టడమే తప్ప, విన్నవాళ్ళు లేరు. ఈ ఒక్కరైనా విన్నారు. ఆమె తన చేత్తోనే రుక్కమ్మ ఫోన్లోంచి ఆ యాప్ తీసేసి, భుజం పట్టి లేపి, మెల్లగా గుమ్మం దాకా నడిపించుకు వచ్చింది. బయట ఎండ మండిపోతోంది.

"అమ్మా, ఇంతకూ గిండ్ల పెట్టుమని నీకు చెప్పిందెవరు? పేరు చెప్తే పోలీసోళ్ళకు రాసిస్తం. ఇంకొకరు మునగకుండ ఉంటరు."

రుక్కమ్మ నడక ఆపింది. పరాచికమాడుతోందేమోనని శ్రీలత ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నన్నడుగుతవేంది బిడ్డా? మీ ఇంటాయన రాజశేఖర్ సారే గదా. బ్యాంకుల తన పేరు ఎత్తద్దన్నడు గాని, నీ బంగారమంత కుదువ పెట్టి గండ్లనే ఏసినమని ఆయన చెప్తెనే గదా నేను నమ్మింది."